బొమ్మల పెట్టె తెరిచే ముందు

ఉద్యోగ విరమణ తరువాత ఇల్లు సర్దుకోవలసిన రోజు ప్రతివారికీ వస్తుంది. పెద్ద ఇల్లు వదిలి ఫ్లాటులోకి మారేవారూ, పిల్లల దగ్గరకు వెళ్ళేవారూ ముందుగా అటక మీది సామాను దించుతారు. ఇత్తడి గంగాళాలు, ఊరగాయ జాడీలతోబాటు చాలా ఇళ్ళలో అక్కడ ఒక బొమ్మల పెట్టె కూడా దొరుకుతుంది. అమ్మమ్మ కాపురానికి తెచ్చుకున్నవి, నాయనమ్మ తిరుపతిలో కొన్నవి, నాన్నగారు బదిలీ అయిన ఊళ్ళలో పోగుచేసినవి అందులో ఉంటాయి. గంగాళానికైతే కొనేవాడున్నాడు, బొమ్మలకు లేడు. అందుచేత వాటికి రెండే గతులు పడుతున్నాయి. ఒకటి చెత్తకుండీ. రెండవది, ప్రేమకొద్దీ సబ్బునీళ్ళతో కడిగి, పైన ఎనామెల్ రంగు పూసి, కొత్తవిగా చేయబోవడం. బొమ్మ పక్షాన చూస్తే ఈ రెండవది మొదటిదానికన్నా పెద్ద మేలేమీ కాదు.

ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. పాత బొమ్మలకు వయసుకన్నా మన శుభ్రతే ఎక్కువ హాని చేస్తుంది. ఏ బొమ్మను ఎలా తుడవాలో తెలియాలంటే అది దేనితో, ఎక్కడ, ఎలా తయారైందో తెలియాలి. అంటే దాని చరిత్ర తెలియాలి.

మట్టి నుంచి మొదలు

బొమ్మ మన నాట నిన్న మొన్న పుట్టినది కాదు. సింధులోయ నగరాల తవ్వకాలలో పిల్లలు ఆడుకున్న మట్టి బండ్లు, పక్షుల ఆకారంలో ఈలలు దొరికాయి. తెలుగు నేలమీద చూస్తే, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్‌లో 1940ల తొలినాళ్ళలో హైదరాబాదు సంస్థాన పురావస్తు శాఖవారు తవ్వకాలు జరిపించారు. శాతవాహనుల నాటి ఆ పట్టణంలో తెల్లమట్టితో, అచ్చులు వాడి చేసిన చిన్న చిన్న బొమ్మలు బయటపడ్డాయి. వాటి తలకట్టు, నగల పనితనం చూస్తే ఆనాటి అలంకరణలు కళ్ళకు కడతాయి.

కాల్చిన మట్టి కనుకనే అవి దాదాపు రెండువేల ఏళ్ళు భూమిలో నిలిచాయి. మన కొలువులలోని మట్టి బొమ్మలకు ఆ భాగ్యం లేదు. వాటిలో అనేకం ఎండబెట్టి రంగు వేసినవే గాని ఆవంలో గట్టిగా కాల్చినవి కావు. కాల్చినవాటికైనా రంగు మాత్రం కాల్చిన తరువాత పూసిందే. కాబట్టి మట్టి బొమ్మకు నీరు తగలరాదు. పొడి కుంచెతో దుమ్ము దులపడమే దానికి స్నానం. చెయ్యి విరిగితే వెంటనే జిగురు కోసం పరుగెత్తవద్దు. విరిగిన ముక్కను చిన్న కాగితపు పొట్లంలో కట్టి, ఏ బొమ్మదో పైన రాసి, దాని పక్కనే ఉంచండి. ముక్క ఉన్నంతకాలం తెలిసినవారి చేత అతికించుకోవచ్చు. సూపర్ జిగురుతో వంకరగా అతికిన చేతిని తిరిగి ఊడదీయడం కష్టం.

కొండపల్లి, నిర్మల్: పొణికి కర్ర కథ

మన బొమ్మల కొలువులకు పెద్దదిక్కు కొండపల్లి. మన సర్వీసు రోజులలో అది కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టిన కోట కింద ఉన్న ఆ ఊరిలో బొమ్మలు చేసేవారిని ఆర్యక్షత్రియులంటారు. తమ పూర్వులు రాజస్థాన్ ప్రాంతం నుంచి వచ్చారని వారు తరతరాలుగా చెప్పుకుంటారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గీతకార్మికుడు, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ, ఇలా పురాణమూ పల్లెబతుకూ రెండూ వారి చేతిలో ఒదిగాయి.

వారు వాడేది తెల్లపొణికి కర్ర. చేతిలో పట్టుకుంటే బెండులా తేలికగా ఉంటుంది. ముందు దానిని సన్నని సెగమీద ఆరబెట్టి తడి పోగొడతారు. బొమ్మ మొత్తాన్ని ఒకే దుంగలో చెక్కరు. తల, మొండెం, చేతులు విడివిడిగా చేసి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపి ఉడికించిన మక్కుతో అతుకుతారు. పైన సున్నపు పూత వేసి, అది ఆరాక మేకవెంట్రుకల కుంచెతో రంగులు దిద్దుతారు. పూర్వం నీటిలో కలిపే రంగులు, ఆకుల రంగులు వాడేవారు. నూనెరంగులు, ఎనామెల్ తరువాత వచ్చినవి.

ఈ తయారీ పద్ధతిలోనే సంరక్షణ సూత్రమంతా ఉంది. మక్కు నీటితో కలిపి చేసింది, కాబట్టి నీటికి మెత్తబడుతుంది. సున్నపు పూత నీరు పీల్చి ఉబ్బి పెచ్చులూడుతుంది. పాత రంగు నీటిలో కరుగుతుంది. పొణికి కర్ర తేమ తాగి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది, ఆ లాగుడుకు పైపూత పగులుతుంది. తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే ఈ నాలుగు అనర్థాలూ ఒకేసారి మొదలౌతాయి. తడిసిన దానిని ఎండలో పెట్టడం ఇంకా ప్రమాదం. అలాగే కొండపల్లి బొమ్మను చేతులు పట్టుకుని ఎత్తరాదు. చేతులు అతికించినవి కదా! అడుగున ఒక చెయ్యి, వెనుక ఒక చెయ్యి వేసి ఎత్తాలి.

ఉత్తరాన ఆదిలాబాదు సీమలోని నిర్మల్‌లో (2016 నుంచి అది వేరే జిల్లా) నకాషీ కళాకారులు ఇదే జాతి కర్రతో పళ్ళూ, పక్షులూ, జంతువులూ చేశారు. నిర్మల్ పండ్లు పళ్ళెంలో పెడితే నిజమైనవనుకుని చెయ్యి చాచిన చుట్టాలు ప్రతి ఇంట్లోనూ ఉండే ఉంటారు. వాటి సంరక్షణ కూడా కొండపల్లివాటిలాగే.

ఏటికొప్పాక లక్క

వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక పూర్వం విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. అక్కడివారు అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ, తిరిగే కర్రకు రంగు లక్కను అదిమిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది, ఆపైన మొగలిఆకుతో నిగ్గు తెస్తారు. లక్కపిడతలు, బుడిబుడి బొంగరాలు, గుండ్రని రాజూ రాణీ ఆ వేడిలో పుట్టినవే. 20వ శతాబ్దంలో రసాయనపు రంగులు వచ్చి పాతవాటిని నెట్టివేయగా, ఆ శతాబ్దం చివర మళ్ళీ ఆకులు, గింజలు, వేళ్ళనుంచి తీసే రంగుల వైపు ఆ ఊరు మళ్ళింది. ఆ కృషికి గుర్తింపుగా సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా నడిచినవి ఈ బొమ్మలే.

లక్కకు శత్రువులు ఇద్దరు. ఒకటి వేడి. కిటికీ ఎండలోనో, దీపం పక్కనో పెడితే లక్క మెత్తబడి, చుట్టిన గుడ్డ దానికి అంటుకుపోతుంది. రెండవది స్పిరిటు. లక్క స్పిరిటులో కరుగుతుంది. 2020లో కరోనా వచ్చినప్పటినుంచి ప్రతి ఇంటా శానిటైజరు సీసా బల్లమీదికి చేరింది. ఆ తడిచేత్తో లక్కబొమ్మను ముట్టుకుంటే వేలిముద్ర శాశ్వతంగా పడుతుంది. పొడి మెత్తని నూలుగుడ్డతో తుడిస్తే చాలు, దాని నిగనిగ దానికే ఉంది.

ఎర్రచందనపు జంట

తిరుపతి వెళ్ళినవారు లడ్డూతోబాటు తెచ్చుకున్నవి ఎర్రచందనపు బొమ్మలు. దక్షిణాది ఇళ్ళలో స్త్రీపురుషుల జంటను పెళ్ళికూతురికి ఇచ్చే ఆచారం కూడా ఉంది. 1929 నాటి శారదా చట్టం 1930 ఏప్రిల్‌లో అమలుకు వచ్చి ఆడపిల్లకు 14 ఏళ్ళు నిండాలన్నది. అంతకు ముందు ఏడెనిమిదేళ్ళకే పెళ్ళయిన పిల్లలెందరో! మన నాయనమ్మల తరంలో బొమ్మలాడే వయసుకే మెడలో మంగళసూత్రం పడింది. సారెతో వెళ్ళిన బొమ్మల పెట్టెను చూసేటప్పుడు ఆ సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. అది ముద్దుగా చూసుకోవలసిన వస్తువే గాని, ముద్దు మాత్రమే కాదు.

ఎర్రచందనాన్ని సానమీద అరగదీసి సెగగడ్డలకు, చెమటకాయలకు పట్టు వేసేవారు. చెక్క అందుబాటులో లేనప్పుడు బొమ్మే చెక్కగా పనిచేసింది. అందుకే కొన్ని పాత బొమ్మల పాదాలో, పీఠమో అరిగి ఏటవాలుగా ఉంటాయి. ఉప్పు కాగితంతో రుద్ది దానిని సమం చేయబోకండి. ఆ అరుగుదల ఒక తల్లి తన బిడ్డకు చేసిన వైద్యం. దాన్ని చెరిపితే మిగిలేది ఒక చెక్కముక్క.

మెరుపుకోసం కొబ్బరినూనె రాసే అలవాటు ఉంది. నూనె కొన్నాళ్ళకు జిడ్డు కట్టి, దుమ్మును పట్టి, చెక్కడపు గీతలను పూడ్చివేస్తుంది. ఈ కర్రలోని ఎర్రరంగు నీటిలో పెద్దగా కరగదు గాని స్పిరిటులో ఇట్టే కరుగుతుంది. కాబట్టి నూనె వద్దు, స్పిరిటు అసలే వద్దు. పొడిగుడ్డ చాలు.

ఓడలెక్కి వచ్చిన బొమ్మలు

19వ శతాబ్దం చివరికి రేవుపట్టణాల అంగళ్ళలో విదేశీ బొమ్మలు కనిపించసాగాయి. పింగాణీ ముఖపు బొమ్మలకు అప్పట్లో జర్మనీ, అందులో తురింగియా ప్రాంతం పెట్టింది పేరు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలై జర్మన్ సరుకు ఆగిపోగా ఆ జాగాలోకి జపాను వచ్చింది. బొమ్మ మెడవెనుకనో, అడుగుననో ఉన్న ముద్ర చూసి దాని వయసు కొంత పోల్చుకోవచ్చు. పరదేశపు సరుకు మీద దేశం పేరు వేయాలని బ్రిటిష్ పార్లమెంటు 1887లో చట్టం చేసింది. ఉత్త ‘జర్మనీ’ అని కాక ‘వెస్ట్ జర్మనీ’ అని ఉంటే అది 1949 తరువాతిదే. కడగబోయి ఆ ముద్రను చెరిపితే బొమ్మ పుట్టినతేదీ పత్రాన్ని చించినట్లే.

మెరుగుపూత ఉన్న పింగాణీని మాత్రమే, పగుళ్ళు లేవని చూసుకుని, గట్టిగా పిండిన తడిగుడ్డతో తుడవవచ్చు. నీళ్ళలో ముంచరాదు. జుట్టుకూ, గుడ్డకూ, లోపలి తాళ్ళకూ తడి తగలనీయరాదు.

జపాను నుంచి వచ్చిన వాటిలో తేలికైన సెల్యులాయిడ్ పాపలు అనేకం. వీటి విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరించక తప్పదు. సెల్యులాయిడ్ అంటే సెల్యులోజ్ నైట్రేటు, కర్పూరం కలిసిన పదార్థం. పాత సినిమా ఫిల్ములకు వాడినదీ ఈ జాతిదే. అది భగ్గున అంటుకుంటుంది. 2003 జనవరిలో పూణేలో జరిగిన అగ్నిప్రమాదంలో అలాంటి పాత ఫిల్ములెన్నో కాలిపోయాయి. కొలువులో దీపం పక్కన, సీరియల్ బల్బుల తీగ మీద సెల్యులాయిడ్ పాపను పెట్టడం నిప్పుతో చెలగాటమే. వయసు మళ్ళిన సెల్యులాయిడ్ పసుపుబారి, పగుళ్ళిచ్చి, ఘాటైన ఆమ్లపు ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరికి పక్కనున్న బొమ్మల గుడ్డలు, లోహపు నగలు కూడా పాడవుతాయి. అలాంటిదాన్ని మిగతావాటినుంచి వేరుచేసి, గాలి ఆడే అట్టపెట్టెలో, చల్లనిచోట, విడిగా ఉంచాలి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో మూసిపెట్టకూడదు.

కొలువే ఒక పద్ధతి

ఇన్ని రకాల సున్నితమైన వస్తువులు మన వానలనూ, ఎండలనూ, చెదలనూ తట్టుకుని ఎనభై, నూరేళ్ళు ఎలా నిలిచాయి? ప్రత్యేకమైన మందులేవీ లేవు. బొమ్మల కొలువు వాటిని కాపాడింది.

కోస్తా జిల్లాలలో చాలా ఇళ్ళలో సంక్రాంతికి, మరికొన్ని ప్రాంతాలలో దసరాకు కొలువు పెట్టడం ఆచారం. రెండూ వానలు వెనుకబట్టిన కాలాలు. ఏడాదికొకసారి పెట్టె తెరిచి, ఒక్కొక్క బొమ్మనూ తీసి, చూసి, దులిపి, మెట్లమీద నిలిపేవారు. పెచ్చులూడినా, పుచ్చు పట్టినా అప్పుడే బయటపడేది. పేరంటానికి వచ్చిన వారికి ఏ బొమ్మ ఎక్కడిదో చెప్పేవారు, పిల్లలు వినేవారు. ఏటా ఒక కొత్త బొమ్మ చేరేది. చివర ఒక బొమ్మను లాంఛనంగా పడుకోబెట్టి, తక్కినవాటిని పాత పంచెల ముక్కలలో చుట్టి దాచేవారు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే అది ఏటేటా జరిగే స్టాకు వెరిఫికేషన్. మనమైతే ఆడిట్ వస్తుందని భయపడి చేసేవాళ్ళం, మన ఇంటి ఆడవాళ్ళు ఎవరూ అడగకుండానే చేశారు. కొలువు పెట్టడం మానిన ఇళ్ళలో బొమ్మలు పెట్టెలోనే చచ్చిపోవడానికి కారణం ఈ తనిఖీ ఆగిపోవడమే.

చుట్టే గుడ్డ విషయంలోనూ పెద్దలకు లెక్క ఉంది. అనేకసార్లు ఉతికి మెత్తబడిన, గంజి లేని నూలుగుడ్డ తీసుకోవాలి. గంజి ఉంటే పురుగు చేరుతుంది. వార్తాపత్రిక కాగితం వద్దు. దాని సిరా అంటుతుంది, ఆ కాగితంలోని ఆమ్లం రంగులను తింటుంది.

ఇంట్లో చేయదగిన పని

వెలుతురున్న, గాలివిసురు లేని చోట బల్లమీద మందపాటి తువ్వాలు పరవండి. చేతులు కడిగి పొడిగా తుడుచుకోండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఎందుకంటే పాత రంగులలో సీసం వంటి విషపదార్థాలు ఉండవచ్చు. ఆ కారణంగానే పాత బొమ్మలను నోట్లో పెట్టుకునే వయసు మనవల చేతికి ఇవ్వకూడదు. మెత్తని రంగుల కుంచెతో పైనుంచి కిందికి, ఒత్తకుండా దులపండి. కుంచెకు రంగు అంటుతుంటే అక్కడే ఆపండి.

బొమ్మ కింద సన్నని రవ్వలాంటి పొడి తాజాగా రాలుతుంటే లోపల కర్ర తొలిచే పురుగు బతికే ఉందన్నమాట. ఆ బొమ్మను వెంటనే వేరుచేసి పాలిథిన్ సంచిలో కట్టి, కొన్ని వారాలు గమనించండి. కిరోసిన్ పూయడం, బొమ్మమీద నేరుగా పురుగుమందు చల్లడం రంగుకూ చేటు, మనకూ చేటు. నాఫ్తలీన్ ఉండలు పసిపిల్లలున్న ఇంట అసలు వాడవద్దు. జన్యులోపం ఉన్న కొందరు శిశువులలో ఆ ఆవిరి రక్తకణాలను దెబ్బతీస్తుంది. బూజు పడితే నీడన ఆరనిచ్చి, పూర్తిగా ఆరాకనే కుంచెతో దులపాలి. పెట్టెను నేలమీద కాక ఇటుకలమీద, తడిగోడకు దూరంగా ఉంచాలి. అటకకన్నా నివాసపు గదిలోని బీరువా అడుగు అర మేలు, అక్కడ వేడి హెచ్చుతగ్గులు తక్కువ.

ఇక రంగు పూయడం. 1976లో లక్నోలో ఏర్పడిన సాంస్కృతిక సంపద సంరక్షణ జాతీయ పరిశోధనశాల వంటి సంస్థలలోని నిపుణులు వీలైనంత తక్కువ ముట్టుకోవాలనీ, చేసిన మరమ్మతును అవసరమైతే తిరిగి తీసివేయగలగాలనీ సూత్రంగా పెట్టుకుంటారు. మన ఎనామెల్ పూత ఈ రెంటికీ విరుద్ధం. వెలిసిన కనుబొమ్మ మీద కొత్త గీత గీస్తే, పేరు తెలియని ఆ కళాకారుడి చేతిరాత శాశ్వతంగా పోతుంది.

ఎవరికి, ఎలా అప్పగించాలి

బొమ్మలకు గౌరవస్థానం దొరకకపోలేదు. 1951లో ప్రారంభమైన హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో పిల్లల విభాగం ఉంది. కార్టూనిస్టు శంకర్ స్థాపించిన అంతర్జాతీయ బొమ్మల ప్రదర్శనశాల 1965లో ఢిల్లీలో తెరుచుకుంది. అయితే ఏ ప్రదర్శనశాలైనా ముందు అడిగేది బొమ్మ చరిత్రనే. చరిత్ర తెలియని బొమ్మ విలువ సగం తగ్గినట్టే.

పిల్లలు విదేశాలకు తీసుకుపోదలిస్తే రెండు సంగతులు గమనించాలి. నూరేళ్ళు దాటిన కళావస్తువులు 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువుల కిందికి రావచ్చు, వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. ఎర్రచందనం పైన కూడా ఎగుమతి ఆంక్షలు ఉన్నాయి. సంబంధిత అధికారులను ముందుగా విచారించుకోకుండా సూట్‌కేసులో పెట్టి పంపి, విమానాశ్రయంలో పిల్లలను ఇబ్బంది పెట్టవద్దు.

పంచేటప్పుడు దశావతారాలను తలా ఒకటి పంచకండి. జట్టు విడిపోతే ఎవరి దగ్గరా దశావతారాలు ఉండవు. జట్టంతా ఒకరికి ఇచ్చి, తక్కినవారికి ఫొటోలు ఇవ్వండి.

అన్నిటికన్నా ముఖ్యమైన పని కుంచెతో కాదు, కలంతో ఉంది. జీవితమంతా రిజిస్టర్లు రాసిన చేతులు మనవి. ఒక నోటుపుస్తకం తీసి వరుస నంబరు, బొమ్మ పేరు, దేనితో చేసింది, ఎవరు ఎప్పుడు ఎక్కడ కొన్నారు, ఎవరు ఇచ్చారు, ఇప్పటి స్థితి అని గడులు గీయండి. నంబరును బొమ్మమీద రాయకుండా చీటీ కట్టి, దారంతో వదులుగా తగిలించండి. మీ శ్రీమతినీ, అక్కచెల్లెళ్ళనూ, వదినలనూ పక్కన కూర్చోబెట్టుకోండి, ఎందుకంటే ఆ వివరాలు చాలావరకు వారి జ్ఞాపకంలోనే ఉన్నాయి. దుమ్ము ఎప్పుడైనా దులపవచ్చు. ఏ బొమ్మ ఎవరిదో చెప్పగలిగినవారు ఉండగానే ఆ రిజిస్టరు పూర్తిచేయాలి. వచ్చే పండుగకు పెట్టె తెరిచేలోగా మొదటి పేజీ అయినా రాసి పెట్టండి.